ఉప్పుటేటి నీటికి లెక్క
(రైతులు తమంతట తాము చేయదగిన నెలసరి పరీక్ష)

మన సంఘములలో ప్రతి వస్తువునకును లెక్క యున్నది. అప్పు తీసికొన్న సభ్యుని పేరు చిట్టాలో నున్నది. ఎరువుల బస్తాలు దిగిన దినము ఆవర్జాలో నున్నది. గిడ్డంగిలోని ధాన్యపు తూకము వేరొక పుస్తకములో నున్నది. వీనికన్నిటికిని మూలమైన నీటికి మాత్రము లెక్క లేదు. "ఈ యేడు నీరు చెడినది" అని యొకరందురు. "మా తాతల నాటినుండి ఇట్లే యున్నది" అని మరియొకరందురు. ఎవరి మాట నిజమో తేల్చుటకు ఆధారము లేదు; ఏలయన, ఎవ్వరును వ్రాసి యుంచలేదు. ఉప్పుటేటి దిగువ గ్రామముల సభ్యులు ఈ లెక్కను ఎట్లు వ్రాయవలయునో తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

నా పొరపాటు

మొదట నా పొరపాటును చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట జ్యేష్ఠమాసమున, ఉప్పుటేటిలో కలియు నొక మురుగుకాలువ ప్రక్కనున్న గ్రామమునకు పోయితిని. పంటకాలువలకు ఇంకను నీరు వదలలేదు. ఒక రైతు సార్వాకు ముందుగా ఆకుమడి పోసి, అది యెండుచున్నదని చింతించుచు, "అయ్యా, డ్రెయిను నీరు ఇంజనుతో తోడి పెట్టవచ్చునాండీ?" అని నన్నడిగెను. నేను గట్టునుండి వంగి, దోసిటితో నీరు తీసి నాలుకపై వేసికొని, ఉప్పు లేదనియు, పెట్టవచ్చుననియు చెప్పితిని. ఆ రాత్రియే అతడు ఇంజను పెట్టెను. అది అమావాస్య వెళ్లిన మరునాడు. గొట్టపు మొన కాలువ యడుగున నుండెను. వారము తిరుగక మునుపే ఆకు కొనలు తెల్లబడి చుట్టుకొనెను. పది దినములకు మడి యంతయు పోయెను. విత్తనము, దుక్కి కూలి, ఇంజను అద్దె నష్టమయ్యెను. అంతకన్న విలువైన అదను దాటిపోయెను.

ఆ రైతు నన్ను నిందింపలేదు. "మీరు చూచియే చెప్పితిరి గదండీ" అని మాత్రమనెను. ఆ మాట నాకు తిట్టుకన్న బరువైనది. నేను చూచినమాట నిజమే; కాని ఒక్క చోట, ఒక్క వేళ, పైపైన చూచితిని. అట్లు చూచుట చూడకుండుటకన్న అపాయకరము. ఏలయన, అది లేని ధైర్యమును కలిగించును.

ఉప్పుటేటి స్వభావము

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, డెల్టాలోని పెక్కు మురుగుకాలువలును దానిలో పడుచున్నవి. ఆ నీటిని బంగాళాఖాతమునకు చేర్చు మార్గము ఉప్పుటేరు. దీని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన పిమ్మట ఈ ప్రాంతమున వరిసాగు విస్తరించినది. దానితోపాటు చేలనుండి దిగు మురుగును పెరిగినది. కావున ఉప్పుటేరు సముద్రపు పాయ మాత్రమే గాదు. మన చేలు, చెరువులు, ఊళ్లు విడిచిన నీరంతయు పోవు తూము కూడ నైయున్నది.

కొల్లేటిలో అయిదడుగుల కాంటూరు వరకు గల 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వమువారు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో ఈ సరస్సు రామ్‌సార్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరినది. 2006లో అభయారణ్యములోని చేపలచెరువుల గట్లను పెద్ద యెత్తున త్రవ్వించివేసిరి. ఆ చర్య వలన కొందరికి నష్టము, కొందరికి లాభము కలిగినవి. ఆ వివాదము ఈ పాఠమునకు చెందదు. మనకు కావలసిన దొక్కటే: ఎగువ జరిగిన ప్రతి పనియు దిగువ నీటిలో తెలియును. దానిని చదువుట మనము నేర్వవలయును.

ఉప్పు: పైన వేరు, అడుగున వేరు

మన తీరమున సముద్రము దినమునకు రెండుమారులు పోటెత్తి రెండుమారులు తీయును. పోటు వేళ దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడుచుండును. అమావాస్యకును పౌర్ణమికిని పోటు హెచ్చు. ఆ తిథులు వెళ్లిన ఒకటి రెండు దినములు మిక్కిలి హెచ్చు. వానకాలమున కొల్లేటినుండి దిగు నీరు బలముగా నుండి సముద్రపు నీటిని వెనుకకు నెట్టును. వేసవిలో ఆ బలము తగ్గగానే ఉప్పునీరు ఏటి వెంబడి లోనికి ఎక్కివచ్చును.

ఉప్పునీరు మంచినీటికన్న బరువు. కావున అది మంచినీటిలో వెంటనే కలియక, దాని క్రిందుగా నాలుకవలె చొచ్చుకొనివచ్చును. పైన తియ్యని నీరు, అడుగున ఉప్పునీరు ఒకే కాలువలో ఒకే సమయమున నుండవచ్చును. నా దోసిటికి పైనీరు వచ్చినది. రైతు ఇంజనుకు అడుగునీరు వచ్చినది. ఆకుమడి పోవుటకు కారణమిదే.

అడుగునీరు తీయుటకు ఖరీదైన పరికరమక్కరలేదు. మూతి యిరుకైన సీసాకు బరువైన రాయి కట్టి, మెడకొక త్రాడును బిరడాకు వేరొక త్రాడును కట్టవలయును. బిరడా బిగించి సీసాను అడుగువరకు దింపి, బిరడాత్రాడును గుంజినచో అక్కడి నీరే సీసాలో నిండును. పైనీటిని వేరొక సీసాలో పట్టవలయును. రెండింటికిని చీటీలు అంటించుట మరువరాదు.

నాలుక మంచి పరీక్ష కాదు. మురుగునీటిని నోట పెట్టుకొనుట ఆరోగ్యమునకును మంచిది కాదు. ఉప్పు కొలుచుటకు ఇ.సి. మీటరు అను చేతిలో పట్టు పరికరము ఉన్నది. నీటిలో ఉప్పు హెచ్చినకొలది విద్యుత్తు సులభముగా ప్రవహించును. ఆ ప్రవాహమును మైక్రోసీమెన్లలో ఇది చూపును. సముద్రజలము సుమారు 50,000 చూపును. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి సూచనల ప్రకారము సాగునీరు 700 లోపు నున్నచో చింత లేదు. 700 మొదలు 3,000 వరకు జాగ్రత్త యవసరము. 3,000 దాటినచో తీవ్రమైన అపాయము. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు సాగునీటికి 2,250 హద్దుగా పెట్టిరి. 2,250 అనగా లీటరుకు సుమారు ఒకటిన్నర గ్రాముల ఉప్పు అని స్థూలముగా గ్రహింపవచ్చును.

వరి ఉప్పునకు ఓర్వలేని పైరు. నేలసారములోని ఉప్పు 3,000 దాటినది మొదలు, ప్రతి వేయికిని నూటికి సుమారు 12 వంతుల దిగుబడి తగ్గునని పరిశోధకులు తేల్చిరి. అందులోను ఆకు లేతగా నున్నప్పుడును పూత పట్టినప్పుడును అపాయము హెచ్చు. చేనిలో నీరు ఆవిరియై పోవును గాని ఉప్పు పోదు. అందుచేత నీటిలో కొంచెముగా నున్న ఉప్పు మడిలో నానాటికి పేరుకొనును.

మీటరును కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. దానిని సరిచూచుటకు 1,413 మైక్రోసీమెన్లు చూపు ద్రావకము అమ్మకమున దొరకును. తూనికరాయిని సరిచూచు వర్తకునివలె నెలకొకమారు ఈ ద్రావకముతో మీటరును సరిచూడవలయును.

ప్రాణవాయువు: తెల్లవారుజామున చూడుడు

చేపలును నీటిలో కరిగిన ప్రాణవాయువునే పీల్చును. ఎంత శుభ్రమైన మంచినీరైనను 30 డిగ్రీల వేడిమిలో లీటరుకు ఏడున్నర మిల్లిగ్రాముల ప్రాణవాయువునే సహజముగా నిలుపుకొనగలదు. వేడి హెచ్చినకొలది అదియు తగ్గును. చేపలకును ఇతర జీవులకును కనీసము 4 మిల్లిగ్రాములుండవలయునని కాలుష్య మండలివారి హద్దు. రెండుకు దిగినచో పెక్కు జాతుల చేపలు చచ్చును.

పగలు నీటిలోని పాచి యెండ సహాయమున ప్రాణవాయువును విడుచును. రాత్రి ఆ పాచియే దానిని పీల్చుకొనును. కావున సాయంకాలము చక్కగా కనిపించిన నీరు తెల్లవారుజామునకు ఊపిరాడనిదై యుండవచ్చును. మధ్యాహ్నము వచ్చి పరీక్షించి "బాగున్నది" అని వ్రాసిపోవు అధికారి పరీక్ష సగము పరీక్షయే. గుర్రపుడెక్క కాలువను కప్పివేసిన చోట్ల గాలియు వెలుతురును నీటికి తగులక, క్రుళ్లిన ఆకుతో ప్రాణవాయువు మరింత తరిగిపోవును. అడుగు బురద కదిపినపుడు క్రుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చినచో అక్కడ ప్రాణవాయువు లేదని గ్రహింపవలయును.

వింక్లర్ అను హంగేరీ దేశపు రసాయనిక శాస్త్రజ్ఞుడు 1888లో కనుగొన్న పరీక్ష నేటికిని వాడుకలో నున్నది. సీసా నిండుగా నీరు పట్టి రెండు మందులు చేర్చినపుడు గోధుమవన్నె మడ్డి దిగినచో ప్రాణవాయువు ఉన్నదనియు, తెల్లని మడ్డి దిగినచో లేదనియు అర్థము. ఆ మందులు చర్మమునకు హానికరములు. గ్రామములోని ఉన్నత పాఠశాల విజ్ఞానోపాధ్యాయుల సహాయముతోనే ఈ పరీక్ష చేయవలయును.

తేటదనము, ఆమ్లక్షారములు

సెక్కి యను ఇటలీ శాస్త్రజ్ఞుడు 1865లో వాడిన ఉపాయము మిక్కిలి సులభము. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని రేకును నాలుగు భాగములుగా తెలుపు, నలుపు మార్చి మార్చి పూసి, ముడులు వేసిన త్రాటితో నీటిలో దింపవలయును. అది కనుమరుగైన లోతును వ్రాయుడు; దానితోపాటు నీటి రంగును వ్రాయుడు. మట్టిరంగు వాననీటి గుర్తు. చిక్కని పచ్చరంగు ఎరువుల సారము హెచ్చిన గుర్తు. అయితే తేటనీరెల్ల మంచినీరు కాదు. రోగక్రిములకు రంగు లేదు. పురుగుమందుకును రంగు లేదు. ఈ రెండును ప్రయోగశాలలో గాని తేలవు. కావున మన పరీక్షలు చూచి ఏటినీరు త్రాగుటకు ఎవరును తెగింపరాదు.

పి.హెచ్. కాగితముతో ఆమ్లక్షారములు తెలియును. ఆరున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు జీవులకు అనుకూలము. పాచి పట్టిన నీటిలో ఉదయముకన్న మధ్యాహ్నము ఈ సంఖ్య హెచ్చుగా నుండును గనుక వేళ వ్రాయనిదే దీనికి విలువ లేదు.

జీవులు చెప్పు సాక్ష్యము

మీటరు ఆ నిమిషపు సంగతిని చెప్పును. నీటిలో కాపురముండు జీవులు గడచిన నెలల సంగతిని చెప్పును. ఒక జల్లెడలో గట్టుప్రక్క గడ్డిని, బురదను కడిగి చూడుడు. తూనీగ పిల్లలు, నత్తలు, పలువిధముల పురుగులు కనబడినచో నీరు ఓర్వదగినది. ఎర్రని దారపుముక్కలవంటి పురుగులు మాత్రమే గుంపులుగా నున్నచో అక్కడ ప్రాణవాయువు తక్కువ. అవి దానికి ఓర్చుకొనగల జాతి. కాని ఏటి మొగకు దగ్గరగా ఉప్పునీటి చోట జీవులు వేరుగా నుండును. అచ్చటి లెక్కను అచ్చటి పాత లెక్కతోనే పోల్చవలయును గాని ఎగువ లెక్కతో కాదు.

చేపల విషయమున ఒక మోసము కలదు. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి మొదలగునవి నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనగలవు. వలలో అవియే పడుచు రాగండి, బొచ్చె కానరానిచో "చేపలున్నవి గదా" అని సంతోషింపరాదు. చచ్చిన చేపలు తేలినపుడు వేళను, జాతిని వ్రాయుడు. మబ్బుపట్టిన రాత్రి గడచి తెల్లవారునప్పటికి చచ్చినచో ప్రాణవాయువు చాలమి కారణమై యుండవచ్చును. పట్టపగలు రొయ్యలు, పురుగులు ముందుగా చచ్చి పిమ్మట చేపలు చచ్చినచో పురుగుమందును అనుమానింపవలసి యుండును. అప్పుడు ఆలస్యము చేయక శుభ్రమైన గాజుసీసాలో నీరు పట్టి మంచుపెట్టెలో నుంచి ప్రయోగశాలకు పంపవలయును. అట్టి చేపలను తినరాదు, అమ్మరాదు.

పక్షులను అరగంట సేపు ఒక్కచోట కదలక కూర్చుండి లెక్కింపవలయును. లకుముకి, నీటికాకి, నత్తగుల్లకొంగ, బాతులు మనకందరికి తెలిసినవే. కొల్లేటి యొడ్డున ఆటపాకవద్ద గూడబాతులు అటవీశాఖవారు నిలిపిన మంచెలపై గూళ్లు కట్టుచున్నవి. ఆ పక్షులు మేతకై దూరము పోవును. ఒకచోట కొంగలు హఠాత్తుగా గుమిగూడినచో అది శుభసూచకమే యని తలపరాదు. ఊపిరాడక పైకి తేలిన చేపలను తినుటకును అవి అట్లే చేరును. శీతకాలమున వచ్చు వలసపక్షులు వేసవిలో లేకుండుట సహజము గనుక ఈ జనవరిని గడచిన జనవరితోనే పోల్చవలయును. నీటికుక్క, బావురుపిల్లి సాధారణముగా కంటబడవు. బురదలోని అడుగులు, చేపపొలుసులతో కూడిన పెంటిక వాని జాడలు. జాడ చూచి వ్రాయుటయే మన పని. గూళ్ల దగ్గరకు పోవుట, గ్రుడ్లు ముట్టుట, ఉచ్చులు పన్నుట చట్టవిరుద్ధము.

లెక్కపుస్తకము

ప్రతి సంఘమును ఒక గట్టి అట్టపుస్తకమును ఇందుకై కేటాయింపవలయును. గడులు ఇవి: తేదీ, తిథి, వేళ, పోటా, ఆటా, స్థలము, గడచిన మూడు దినముల వాన, నీటిమట్టము, వేడిమి, తేటదనము, రంగు, వాసన, పి.హెచ్.; ఉప్పు పైన, ఉప్పు అడుగున; ప్రాణవాయువు; పురుగులు, చేపలు; పక్షులు, మృగములు; విశేషములు; వ్రాసినవారి సంతకము.

స్థలములు మూడు చాలును: సభ్యులు నీరు తోడుకొను చోటు ఒకటి, మురుగుకాలువ యేటిలో కలియుటకు ఎగువ నొకటి, దిగువ నొకటి. ఎగువకును దిగువకును గల భేదమే ఆ కాలువ తెచ్చినది ఏమో చెప్పును. ప్రతి స్థలమునను ఒక గుంజ పాతి గాట్లు పెట్టినచో నీటిమట్టమును, పోటు నిలిచిన వేళను తెలిసికొనవచ్చును.

దినము నిర్ణయించుటకు మన పంచాంగమే మేలు. ఒకే తిథినాడు పోటు ఇంచుమించుగా ఒకే వేళకు వచ్చును. కావున ప్రతి నెలయు అమావాస్య వెళ్లిన మరునాడు పరీక్ష జరుపుడు. తెల్లవారుజామున ప్రాణవాయువు, జీవులు. పోటు నిండి నిలిచిన వేళ ఉప్పు. ఫాల్గుణము మొదలు కాలువలకు నీరు వచ్చువరకు ఉప్పు పరీక్షను వారమునకొకమారు చేయవలయును.

మూడు నియమములు తప్పరాదు. మొదటిది, చూడనిది వ్రాయరాదు; వానవలన పోలేకపోయినచో గడిని ఖాళీగా విడువవలయును. ఊహించి నింపిన ఒక్క గడి పుస్తకమునంతను అనుమానపరచును. రెండవది, వ్రాసినది చెరుపరాదు. తప్పైనచో ఒక గీత గీసి ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలయును. మూడవది, ఒంటరిగా ఏటిలో దిగరాదు. కాళ్లకు గాయములున్నవారు అసలే దిగరాదు.

ఎవరిమీదికి ఈ లెక్క?

కొందరు సభ్యులకు వరిచేలు, కొందరికి చేపలచెరువులు, మరికొందరికి రొయ్యలచెరువులు గలవు. కొందరికి రెండును గలవు. చెరువు దులిపిన నీరు, చేలనుండి దిగిన యూరియా, పురుగుమందు, ఊళ్ల మురుగు అన్నియు ఒకే యేటిలో పడుచున్నవి. కావున ఈ పుస్తకము ఒకరిపై వ్రేలు చూపుటకు పెట్టినది కాదు. పుస్తకము లేనపుడే అనుమానములు, కలహములు పెరుగును. లెక్క యెదుట నున్నపుడు, ఏ తిథులలో చెరువునీరు వదలరాదో, ఏ వేళ ఇంజను పెట్టరాదో మహాజన సభలో అందరును కలిసి నిర్ణయించుకొనవచ్చును. బయటినుండి వచ్చిన కాలుష్యమైనచో 1974 నాటి జలకాలుష్య చట్టము క్రింద ఏర్పడిన మండలివారికి విన్నపము చేసికొనునపుడు, పన్నెండు నెలల లెక్క పది మంది మాటలకన్న గట్టి సాక్ష్యము.

నీటికాకులను లెక్కించుట వలన ధాన్యపు రాశి పెరుగునా యని కొందరు నవ్వవచ్చును. ఆకుమడి యెండిన పిమ్మట ఉప్పును కనుగొనుట అందరికిని తెలిసిన విద్యయే. ఎండకమునుపు కనుగొనుటకు నెలనెలా వ్రాసిన పుటలు కావలయును. శివారు భూముల రైతునకు ఒక అదను తప్పుట అనగా ఒక సంవత్సరపు అప్పు మిగులుట అని మన చిట్టాలే చెప్పుచున్నవి.

నేను ఆ గ్రామమునకు మరల పోయినపుడు ఆ రైతుతో కలిసియే మొదటి గుంజను పాతితిని. ఇప్పుడతడు ఇంజను పెట్టుటకు ముందు అడుగునీటి సీసా దింపక మానడు, నన్నును అడుగడు. అడుగవలసిన పని లేదు. పుస్తకము అతని యింటి గూటిలోనే యున్నది.